ఇంటి దగ్గర పనికి పూచీ ఎవరిది?

చంటిపిల్లను వదిలి బయటికి పోలేని తల్లి ఇల్లు కదలకుండా నాలుగు పైసలు ఎట్లా సంపాదించాలి? ఈ ప్రశ్న కరోనాతోనో కంప్యూటర్లతోనో పుట్టింది కాదు. వేములవాడ, సిరిసిల్ల, కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతాల ఆడవాళ్లు కొన్ని తరాల కిందటే దీనికి ఒక జవాబు వెతుక్కున్నారు. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, పక్కన దారం, కత్తెర. కాలితో ఊయల ఊపుతూ చేత్తో బీడీలు చుట్టారు. ఆ పనిలో కూలి తక్కువ, ఒంటికి చేటు ఎక్కువ. అయినా ఫోన్‌లో వచ్చిపడుతున్న 'ఇంటి నుంచే నెలకు ముప్ఫై వేలు' సందేశాలతో పోలిస్తే దానిలో ఒక గట్టిదనం ఉంది. పని ఇచ్చేది ఎవరో తెలుసు. చేతిలో కార్డు ఉంటుంది, దాని మీద కంపెనీ పేరు ఉంటుంది, పీఎఫ్ నంబరు ఉంటుంది. పైసలు ఎగ్గొడితే పోయి నిలబడి అడగడానికి ఒక కార్ఖానా గేటు ఉంటుంది.

ఇంటి దగ్గర దొరికే పని నిజమైనదా, మోసమా అన్నది తేల్చేది ఈ పూచీయే. కానీ దాన్ని తేల్చుకునే భారమంతా ఇప్పుడు మనం తల్లి నెత్తిన పెట్టాం. 'జాగ్రత్తగా ఉండండి, లింకులు నొక్కకండి' అని చెప్పి ఊరుకుంటున్నాం. జాగ్రత్త అవసరమే. అయితే తినడానికి అన్నం లేని చోట కల్తీ గురించి హెచ్చరించడంతో ఆకలి తీరదు. నిజమైన పని ఇంటి దాకా వచ్చే దారి వేయకుండా దొంగపని గురించి ఎంత చెప్పినా ఏ చెవీ వినదు.

ఈ అవసరం ఎంత లోతైనదో ముందు చూడాలి. జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానిలో రోజుకు సగటున 289 నిమిషాలు గడుపుతుంటే, ఆ పని చేసే మగవాళ్లు గడిపేది 88 నిమిషాలు. పిల్లల్ని, పెద్దల్ని చూసుకోవడంలో ఆ పని చేసే 15 నుంచి 59 ఏళ్ల మధ్య ఆడవాళ్లకు 140 నిమిషాలు పడుతుంటే మగవాళ్లకు 74. అంటే వంట, చాకిరి, పిల్లలు కలిపి ఒక పూర్తి ఉద్యోగమంత పని ఇంట్లోనే అయిపోతోంది. ఆ పైన మిగిలేవి ముక్కలు ముక్కలుగా దొరికే గంటలు. పిల్ల పడుకున్నప్పుడు ఒక గంట, అంగన్‌వాడీకి పోయినప్పుడు రెండు మూడు గంటలు, రాత్రి అందరూ తిన్నాక ఇంకొంత. ఆ గంటలకు సరిపడే పని కావాలి. కార్ఖానా షిఫ్టు వాటికి సరిపోదు.

వేములవాడ చుట్టుపక్కల దీనికి తోడు ఇంకో రెండు సంగతులున్నాయి. గల్ఫ్ ఒకటి. భర్త దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటే ఇక్కడ తల్లే తండ్రి, తల్లే పాలేరు. అత్తమామల మందుల నుంచి పిల్లల ఫీజుల దాకా అన్నీ ఆమెవే. అక్కడి నుంచి పైసలు ఆగిన నెలలో ఏంచేయాలన్నదీ ఆమె ప్రశ్నే. వీసా అప్పుతో తిరిగొచ్చి ఇంట్లో కూర్చున్న తండ్రులూ ఉన్నారు. వాళ్లలో కొందరు పిల్లల్ని చూసుకుంటూ ఏదైనా పని దొరుకుతుందా అని ఫోన్‌లో వెతుకుతున్నారు. మిడ్ మానేరు జలాశయం ముంపు రెండోది. అనుపురం, కొదురుపాక, రుద్రవరం, సంకెపల్లి, కొడుముంజ వంటి ఊళ్లు లేచి కొత్త కాలనీలకు వచ్చాయి. ఊరు కదిలినప్పుడు భూమి ఉన్నవాడికి పరిహారం లెక్క వచ్చింది. కలుపుకూ నాటుకూ పోయి బతికే ఆడకూలికి పోయిన పని మాత్రం ఏ లెక్కలోనూ పడలేదు. పొలం దూరమైనాక ఆమెకు మిగిలింది ఇంటి అరుగు.

ఆ అరుగు మీద బీడీ ఉంది కాబట్టి దాని చరిత్ర నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉంది. మొదట్లో బీడీ కంపెనీలు కూడా ఇవాళ్టి యాప్‌లు చెప్పే మాటే చెప్పాయి. ఆమె మా కార్మికురాలు కాదు, ఇంట్లో కూర్చుని తనకు తోచినప్పుడు చేసుకుంటుంది, మేం కమీషన్‌దారుకు ఆకు ఇస్తాం, కమీషన్‌దారు నుంచి బీడీలు తీసుకుంటాం, మధ్యలో ఎవరు చుట్టారో మాకు సంబంధం లేదు అన్నాయి. 1966లో పార్లమెంటు బీడీ, సిగార్ కార్మికుల చట్టం చేసింది. ఇంట్లో చుట్టే మనిషి కూడా ఉద్యోగే అని ఆ చట్టం నిర్వచనంలోనే రాసింది. ఆకు తక్కువ ఇచ్చినా, చుట్టిన బీడీలను బాగాలేవని పక్కన పడేసినా వచ్చే తగవును తేల్చడానికి ఒక ప్రభుత్వ అధికారి ఉండాలంది. కంపెనీలు కోర్టుకెళ్లాయి. 1974లో మంగళూరు గణేశ్ బీడీ కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లుతుందని తీర్పు చెప్పింది.

పీఎఫ్ విషయంలో మళ్లీ అదే పేచీ. బీడీ పరిశ్రమను 1977లో భవిష్యనిధి చట్టం కిందికి తెస్తే, ఇంట్లో చేసేవాళ్ల మీద మాకు అజమాయిషీ ఎక్కడుంది అని యజమానులు వాదించారు. పి.ఎం. పటేల్ అండ్ సన్స్ కేసులో 1985లో సుప్రీంకోర్టు ఇచ్చిన జవాబు ఈనాటికీ పనికొస్తుంది. చేసిన సరుకును నాణ్యత చాలదని తిరస్కరించే హక్కు నీ చేతిలో ఉన్నప్పుడు అదే అజమాయిషీ, అందుకే ఇంట్లో కూర్చుని చేసినా ఆమె నీ ఉద్యోగే అని కోర్టు తేల్చింది. వద్దనే హక్కు ఎవరిదైతే యజమాని వాడే. అరుగు మీద చాట పెట్టుకున్న మనిషికి ఈ సూత్రం పీఎఫ్ నంబరు తెచ్చిపెట్టింది.

ఆ నంబరు విలువ ఎంతో ముప్ఫై ఏళ్ల తరవాత తెలిసింది. తెలంగాణ ప్రభుత్వం 2015లో బీడీ కార్మికులకు ఆసరా పింఛన్ల పథకం కింద నెలకు వెయ్యి రూపాయల భృతి మొదలుపెట్టింది, 2019లో దాన్ని 2,016 రూపాయలు చేసింది. అర్హత ఏమిటి? 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్‌లో పేరుండాలి. పక్కపక్క ఇళ్లలో ఒకే ఆకు, ఒకే తంబాకుతో పనిచేసిన ఇద్దరిలో పేరు రాసుకున్న అక్కకు భృతి వచ్చింది, వదిన పేరు మీదో అత్త పేరు మీదో బీడీలు వేసిన చెల్లెకు రాలేదు. ఆ తేదీ తరవాత పీఎఫ్‌లో చేరినవాళ్లు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. కడుపుకట్టుకుని చేసిన పనికి కాగితం మీద ఆనవాలు లేకపోతే ఆ పని జరగనట్టే లెక్క అన్నది ఈ ప్రాంతపు ఆడవాళ్లకు అనుభవంలో తెలిసిన సత్యం.

బీడీని నేను పొగడటం లేదు. పొగాకు ధూళి పీల్చి, వంగి వంగి నడుము పట్టుకుపోయి, పిల్ల చేత కూడా దారం కట్టించి చేసిన పని అది. ఆకు తక్కువ తూచి ఇస్తే సొంత పైసలు పెట్టి ఆకు కొని లెక్క నింపాల్సిన పని. నెలంతా పని దొరకదు కూడా. కాల్చేవాళ్లు తగ్గుతున్న కొద్దీ ఆ ఉపాధి తగ్గుతుంది, తగ్గాలి కూడా. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు బీడీ మీద సంక్షేమ సెస్సు పోయింది. కార్మికుల ఆసుపత్రులకు, పిల్లల స్కాలర్‌షిప్పులకు ప్రత్యేకంగా ఉన్న ఆ వనరు ఎండిపోయింది. ఆ పని వెనక నలభై ఏళ్ల పోరాటంతో కట్టిన పూచీని మాత్రం దానితో పాటే పోగొట్టుకుని ఖాళీ చేతులతో ఫోన్ ముందు కూర్చోవడం దారుణం.

ఇప్పుడు ఫోన్ సంగతి. వాట్సాప్‌లోనో టెలిగ్రాంలోనో ఒక సందేశం వస్తుంది. హోటళ్లకు రేటింగ్ ఇస్తే, వీడియోలకు లైక్ కొడితే డబ్బు అంటారు. మొదటి రోజు నిజంగానే నూరో నూటయాభయ్యో ఖాతాలో పడతాయి. ఆ నూరు రూపాయలే గాలం. ఆ తరవాత ఒక గ్రూపులో చేరుస్తారు. అందులో ఉన్నవాళ్లంతా 'నాకు ఇంత వచ్చింది' అని ఫొటోలు పెడుతుంటారు. వాళ్లంతా ముఠా మనుషులే. వెయ్యి కడితే ఎక్కువ టాస్కులు, పాతిక వేలు కడితే ఇంకా ఎక్కువ. వెబ్‌సైటులో ఆమె పేరు మీద లక్షలు కనిపిస్తుంటాయి. తీసుకోబోతే పన్ను కట్టమంటారు, మరో టాస్కు మిగిలిందంటారు. 2023 జులైలో హైదరాబాద్ పోలీసులు బయటపెట్టిన 712 కోట్ల రూపాయల మోసం సరిగ్గా ఇలాగే నడిచింది. దేశవ్యాప్తంగా దాదాపు 15 వేల మంది దాని బాధితులు. చిక్కడపల్లికి చెందిన ఒక వ్యక్తి ఫిర్యాదుతో తీగ కదిలింది. వెయ్యి పెట్టిన అతనికి మొదట 866 రూపాయల లాభం చూపించారు, చివరికి 28 లక్షలు లాగేశారు. ఆ డబ్బు డొల్ల కంపెనీల ఖాతాల్లోంచి చైనా వాళ్ల చేతుల్లోకి పోయిందని పోలీసులు చెప్పారు. అదే ఏడాది డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి పార్ట్‌టైం ఉద్యోగాల పేరిట నడుస్తున్న వందకు పైగా వెబ్‌సైట్లను మూయించింది. వాళ్లు గురిపెట్టింది రిటైరైన ఉద్యోగుల్ని, మహిళల్ని, నిరుద్యోగ యువతను అని అప్పుడు హోంశాఖే చెప్పింది.

ఇందులో మన రాజన్న సిరిసిల్ల జిల్లాకు రెండు వైపులా సంబంధం ఉంది. 2024లో సిరిసిల్ల ప్రాంతపు యువకుడొకరు ఉద్యోగమని చెబితే నమ్మి కాంబోడియా పోయి చిక్కుకున్నాడు. అక్కడ అతని చేత చేయించింది భారతీయులనే ఫోన్లలో మోసగించే పని. తల్లి ఫిర్యాదుతో కేసు నమోదై అతను బయటపడ్డాడు. ఇక్కడ ఇంట్లో కూర్చుని పని వెతికే తల్లికి, అక్కడ పాస్‌పోర్టు లాక్కుని కూర్చోబెట్టిన కొడుక్కు మధ్య ఉన్నది ఒకే ఫోన్ తెర. పని లేకపోవడమే రెండు వైపులా మోసగాడి పెట్టుబడి.

అన్ని మోసాలూ ఫోన్‌తోనే రావు. 2019లో హైదరాబాద్ ఉప్పల్ కేంద్రంగా పల్లీల యంత్రం పేరుతో నడిచిన దందా చాలామందికి గుర్తుండే ఉంటుంది. యంత్రం కొనండి, పల్లీలు మేమే ఇస్తాం, నూనె మేమే కొంటాం, నెల నెలా డబ్బులిస్తాం అన్నారు. తరవాత 2022లో దీపం వత్తుల యంత్రాలతో అదే కథ మళ్లీ జరిగింది. పత్తి ఇస్తాం, వత్తులు కొంటాం అని చెప్పి యంత్రాలకు లక్షల్లో వసూలు చేసి బోర్డు తిప్పేశారు. వేములవాడ వంటి క్షేత్రంలో వత్తులకు నిజంగానే గిరాకీ ఉంది, గుడి ముందు ప్రతి దుకాణంలో అమ్ముడవుతాయి. వత్తులు చేయడం మోసం కాదు. వత్తులు అమ్మి సంపాదించేవాడు వేరు, వత్తుల యంత్రాన్ని మనకే అమ్మి సంపాదించేవాడు వేరు. పెన్సిళ్ల ప్యాకింగ్ పేరుతో, ఒక పేరున్న కంపెనీ గుర్తు వాడుకుని, ఐడీ కార్డుకు ఇంత, కొరియర్‌కు ఇంత అని గుంజేవాళ్లదీ ఈ రెండో రకమే. మనుషుల్ని చేర్పిస్తే కమీషన్ అనే గొలుసు పథకాలను 1978 చట్టం నేరమంటోంది. డైరెక్ట్ సెల్లింగ్ సంస్థలు చేరే రుసుము వసూలు చేయరాదని 2021 డిసెంబరులో వచ్చిన వినియోగదారుల నిబంధనలు చెబుతున్నాయి.

డేటా ఎంట్రీ పేరుతో జరిగేది ఇంకా క్రూరమైనది. ముందు ఒప్పందం మీద ఆన్‌లైన్‌లో సంతకం చేయిస్తారు. వారం రోజులు రాత్రిళ్లు నిద్ర మానుకుని వందల పేజీలు టైపు చేసి పంపితే తప్పులున్నాయంటారు. ఒప్పందం ఉల్లంఘించావు, నష్టపరిహారం కట్టు, లేకపోతే కోర్టు సమన్లు వస్తాయి అని నకిలీ లాయరు నోటీసు పంపుతారు. పరువు పోతుందన్న భయంతో ఇంట్లో చెప్పకుండా పుస్తెలతాడు కుదువపెట్టి కట్టినవాళ్లున్నారు. 1985 తీర్పును ఇక్కడ గుర్తుచేసుకోవాలి. తిరస్కరించే హక్కు వాడుకుంటున్నవాడు తన పేరు, చిరునామా, కూలి రేటు చెప్పకుండా దాక్కుంటే వాడు యజమాని కాదు, దొంగ. సమన్లు కోర్టు పంపుతుంది, లాయరు నోటీసు సమన్లు కాదు. అలాంటి నోటీసు వచ్చినవాళ్లు పోలీస్ స్టేషన్‌కు పోవడానికి ఏమాత్రం సంకోచించనక్కర్లేదు.

మరో ప్రమాదం గురించి తక్కువగా మాట్లాడుతున్నాం. నీ బ్యాంకు ఖాతా వాడుకోనిస్తే, సిమ్ ఇస్తే నెలకు ఇంత అంటారు. చెయ్యాల్సిన పని ఏమీ ఉండదు. అయితే ఎక్కడో ఎవరో పోగొట్టుకున్న డబ్బు ఆ ఖాతాలోంచి దాటిపోతుంది. పోలీసుల వెతుకులాటలో మొదట దొరికేది ఆ ఖాతా ఉన్న మనిషే. ఏమీ తెలియని తల్లి నిందితురాలవుతుంది. పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ ఎవరికీ ఇవ్వవద్దన్న ఒక్క మాట మహిళా సంఘాల ప్రతి సమావేశంలో చెప్పాలి.

అయితే నిజమైన పని ఏమీ లేదా? ఉంది. అది ఫోన్‌లో సందేశంగా రాదు. ఎక్కడో ఒక ఊరిపేరు, ఒక కొనుగోలుదారు, ఒక రేటు కలిసిన చోట ఉంటుంది. సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలు) నడిచినన్నాళ్లూ వాటికి కండెలు చుట్టేది ఎక్కువగా ఇళ్లలోని ఆడవాళ్లే. 2017లో బతుకమ్మ చీరల ఆర్డరు వచ్చినప్పుడు ఆ ఇళ్లకూ పని వచ్చింది, ఆర్డరు ఆగిన ఏడాది ఆ ఇళ్లలోనూ పొయ్యి మందగించింది. 2025లో మహిళా సంఘాల సభ్యులకిచ్చే చీరల నేత మళ్లీ సిరిసిల్లకు వచ్చింది. సర్కారు బడిపిల్లల ఏకరూప దుస్తులు కుట్టే పనిని ప్రభుత్వం మహిళా సంఘాలకు అప్పగించి, కుట్టుకూలిని జతకు 75 రూపాయలు చేసింది. ఇది ఇంటి దగ్గర పనికి మంచి నమూనా. బట్ట ఎవరిది, కొలత ఎవరిది, రేటు ఎంత, పైసలు ఏ ఖాతాలో పడతాయి, ఆలస్యమైతే ఎవరిని అడగాలి అన్నవి ముందే తెలుసు. బిల్లులు ఆలస్యమైతే గ్రామైక్య సంఘంలో గట్టిగా అడగవచ్చు. దీనిలో లోపం ఒక్కటే, బడులు తెరిచే ముందు రెండు మూడు నెలలు పని ఉండి తరవాత ఏడాదంతా మిషన్ మూలకుంటుంది.

సొంతంగా చేసుకునేవాళ్లకు కాగితాలు ఇదివరకటంత కష్టం కాదు. పచ్చళ్లు, సకినాలు, పిండివంటలు చేసి అమ్మేవాళ్లు ఏడాది అమ్మకం 12 లక్షల లోపు ఉన్నంతవరకు ఏడాదికి వంద రూపాయలతో ఆహార భద్రతా సంస్థ దగ్గర పేరు నమోదు చేసుకోవచ్చు. చిన్న వ్యాపారాల కోసం ఉన్న ఉద్యమ్ నమోదుకు ఒక్క పైసా కట్టనక్కర్లేదు. దీనికి రుసుము అడిగినవాడు దళారీ అని గుర్తుపట్టాలి. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ ఉంది, పూలమాలలు కట్టేవాళ్లూ ఉన్నారు. శిక్షణలో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15 వేలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష రూపాయల అప్పు ఇస్తారు. రోజూ పూలూ పత్రీ అమ్ముడయ్యే ఊరికి దర్జీ కంటే మాలల వృత్తే దగ్గర. స్త్రీనిధి, బ్యాంకు లింకేజీ అప్పులు ఎలాగూ ఉన్నాయి. అయితే అప్పు తీసుకునే ముందు కొనేవాళ్లు ఎవరో తేల్చుకోవాలి. సరుకుకు దారి లేకుండా ఇచ్చే అప్పు తల్లిని ఫైనాన్సు కంపెనీల వాకిట్లోకే తోస్తుంది.

చదువుకున్న తల్లుల సంగతి వేరుగా చూడాలి. డిగ్రీ, బీటెక్ చేసి పెళ్లయి వేములవాడ వచ్చినవాళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం మానుకుని పిల్లలతో పుట్టింటికి చేరినవాళ్లు ఈ ఊళ్లో తక్కువేం లేరు. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం సెలవు అయ్యాక, పని స్వభావం అనుమతిస్తే, ఇరువైపులా ఒప్పుకుంటే ఇంటి నుంచి పనిచేయవచ్చంది. 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న చోట శిశుసంరక్షణ కేంద్రం ఉండాలంది. ఉద్యోగం మానేసే ముందు ఆ హక్కు అడిగి చూడాలి. కృత్రిమ మేధకు భాషలు నేర్పే పని కూడా ఇప్పుడు ఇళ్లకు వస్తోంది. మాట రికార్డు చేయడం, వాక్యాలు సరిచూడడం వంటి పనులవి. బెంగళూరుకు చెందిన కార్య అనే లాభాపేక్ష లేని సంస్థ పల్లెవాసులకు ఇలాంటి పని ఇచ్చి గంటకు సుమారు 5 డాలర్లు చెల్లిస్తోందని 2023లో పత్రికలు రాశాయి. తెలంగాణ మాండలికం నోటినిండా ఉన్న తల్లి గొంతుకు ఆ రంగంలో విలువ ఉంది. కరీంనగర్‌లో 2020లో తెరిచిన ఐటీ టవర్ ఇలాంటి పనిని తెచ్చి, 30 కిలోమీటర్లకు పైగా ఉన్న వేములవాడ ఇళ్లకు పంచగలిగితే ఆ భవనానికి ఒక అర్థం ఉంటుంది.

చట్టం ఇక్కడ వెనకబడి ఉంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లోనే ఇంటి దగ్గర పనిచేసేవారి కోసం 177వ ఒడంబడిక చేసింది. కార్ఖానాలో పనిచేసేవాడితో ఇంట్లో పనిచేసేవాడిని సమానంగా చూడాలన్నది దాని సారం. ఇలా భట్ నడిపిన 'సేవా' (SEWA) అనే శ్రామిక మహిళల సంఘం ఆ ఒడంబడిక కోసం ఏళ్లకేళ్లు తిరిగింది. భారత్ దాన్ని ఇంకా ఆమోదించలేదు. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, 1966 బీడీ చట్టం వాటిలో కలిసిపోయింది. సామాజిక భద్రతా కోడ్‌లో గృహాధారిత కార్మికులకు నిర్వచనం ఉంది. యజమాని కోసం తన ఇంట్లో సరుకో సేవో తయారుచేసే మనిషి, పనిముట్లు ఎవరివైనా సరే, ఆ నిర్వచనంలోకి వస్తుంది. నిర్వచనం బాగుంది. కానీ ఆమెను అసంఘటిత కార్మికుల జాబితాలో వేసి పథకాలకు వదిలేసింది. పథకం అంటే ప్రభుత్వం ఇస్తే వచ్చేది; 1985 తీర్పు ఇచ్చింది అడిగి తీసుకునే హక్కు. ఆ తేడాను రాష్ట్రం తన నిబంధనల్లో పూడ్చాలి. వేతనాల కోడ్ ముక్కపని రేటుకు కూడా కనీస వేతనం నిర్ణయించే అధికారం ఇస్తోంది. జత బట్టలు కుట్టడానికి, వెయ్యి కండెలు చుట్టడానికి, పేజీ టైపు చేయడానికి రేటు ప్రకటించడం రాష్ట్ర ప్రభుత్వ చేతిలో ఉన్న పని.

ఇంటి దగ్గర పని పేరిట ఆడవాళ్లను నాలుగు గోడల మధ్యే ఉంచేస్తున్నామన్న అభ్యంతరం ఉంది. దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. సిరిసిల్ల దగ్గర పెద్దూరు అపరెల్ పార్కులో మిషన్ల మీద పనిచేసే అమ్మాయిలకు నెల జీతం ఉంది, పదిమంది తోడు ఉంది, ఏదైనా జరిగితే కలిసి అడిగే బలం ఉంది. ఇంట్లో ఒంటరిగా చేసే మనిషికి ఆ బలం లేదు. బడి వయసు రాని పిల్లలకు ఊళ్లో నమ్మకమైన శిశుసంరక్షణ కేంద్రం ఉంటే చాలామంది తల్లులు బయటి పనికే మొగ్గుతారు. అంగన్‌వాడీ అందరి వేళలకూ, చంటిపిల్లలకూ సరిపోదు. కాబట్టి పిల్లల్ని చూసుకునే ఏర్పాటు లేని చోట ఇంటి దగ్గర పనిని ఇష్టపూర్వక ఎంపిక అనలేం. ఆ ఏర్పాటు వచ్చేదాకా మాత్రం ఇంటి దగ్గర పనిచేసేవాళ్లను చిన్నచూపు చూడటం అన్యాయం.

వేములవాడకు ఉన్న ఆసరా చిన్నదేం కాదు. ఏడాది పొడవునా, ప్రత్యేకించి సోమవారాలు, శ్రావణ కార్తీకాలు, శివరాత్రి, మేడారం జాతరకు ముందు లక్షలాది భక్తులు వచ్చే క్షేత్రం ఇది. 2024 నవంబరు 20న ముఖ్యమంత్రి ఇక్కడ ఆలయ విస్తరణకు శంకుస్థాపన చేశారు, నేతన్నల కోసం నూలు డిపో కూడా ఈ పట్టణానికే ఇచ్చారు. ప్రసాదం సంచులు, వత్తులు, పూలమాలలు, వసతి గదుల దుప్పట్లు, గలీబులు, సిబ్బంది బట్టలు ఇవన్నీ ఎవరో తయారుచేస్తున్నారు, ఎవరో కొంటున్నారు. ఆ కొనుగోళ్లలో ఒక వంతు పట్టణంలోని, ముంపు కాలనీల్లోని మహిళా సంఘాల ఇళ్లకే దక్కాలని దేవస్థానం నిర్ణయిస్తే, రేటు బోర్డు మీద రాసి పెడితే, పైసలు నేరుగా ఖాతాలో వేస్తే, ఏ యంత్రం అమ్మేవాడూ ఈ ఊళ్లో దుకాణం తెరవలేడు. పురపాలక సంఘం, జిల్లా గ్రామీణాభివృద్ధి సంస్థ, కార్మిక శాఖ కలిసి ఇంటి దగ్గర పని ఇచ్చే వ్యాపారుల పేర్లు, రేట్లు ఒక రిజిస్టరులో ఎక్కించాలి. ఫోన్‌లో వచ్చిన పని నిజమో కాదో అడిగి తెలుసుకోవడానికి మండల సమాఖ్యలో ఒక మనిషిని కూర్చోబెట్టాలి. ఆ మనిషికి పోలీసుల సైబర్ విభాగం తర్ఫీదు ఇవ్వాలి.

ఈలోగా పని వెతుకుతున్న తల్లులకూ తండ్రులకూ ఒక మాట. మీకు పైసలిచ్చేవాడు ముందు మీ దగ్గర పైసలు అడిగితే అక్కడే ఆగండి. చేసిన పనిని వద్దనే అధికారం ఎవరిదో, వాడి ఇల్లెక్కడో తెలియకపోతే మొదలుపెట్టకండి. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే సిగ్గుపడి దాచుకోకండి. మోసపోవడం నేరం కాదు. వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి, మొదటి గంటలో చేస్తే ఆ డబ్బును బ్యాంకుల్లో ఆపే అవకాశం ఎక్కువ. ఇంట్లోవాళ్లు కూడా ఆమెను తిట్టడం మాని ఆ ఫోన్ చేయడంలో సాయం చేయాలి.

జిల్లా కలెక్టరుకు, దేవస్థానం కార్యనిర్వహణాధికారికి, పురపాలక సంఘానికి ఒక విన్నపం. దీనికి కొత్త జీవో, కొత్త నిధులు అక్కర్లేదు. వచ్చే శివరాత్రి జాతర కొనుగోళ్ల జాబితా తయారవుతున్నప్పుడు, అందులో ఇళ్ల దగ్గర చేయించగలిగిన సరుకు ఏదో గుర్తించి, రేటు కట్టి, మహిళా సంఘాలకు రాతపూర్వకంగా ఆర్డరు ఇవ్వండి.